బామ్మర్ది ఉన్నోనికి తాడెందుకు

ఇటు దగ్గరికి జరగండి. ఫ్యాను గాలి అక్కడిదాకా రాదు, నా మాటా రాదు. ఈ చాప మీద కూర్చుని తలా గుప్పెడు చిక్కుడుకాయలు తీసుకుని ఈనెలు తీయండి. చేతికి పనుంటే చెవి బాగా వింటుంది. నేను చెప్పేది చెప్తాను.

ఇది నాకు రోత పుట్టించిన సంగతి. చెత్తకుండీ పక్కన నడిస్తే పుట్టే రోతకు ముక్కు మూసుకుంటే చాలు. ఇది చెవిలోంచి పుట్టిన రోత, మూసుకున్నా పోలేదు. ఒక మాట, ఒక జోకు. మాటేమో మీరు రోజూ వినేదే: "ఏం గాదు." జోకు మా ఆయనది. అది చెప్పే ముందు ఆయన బండి సంగతి చెప్పాలి.

మా ఆయనకు ఒక పికప్ బండి ఉంది. మేము పాలమూరు నుంచి వచ్చి చిక్కడపల్లి బస్తీలో ఉండిపోయినవాళ్లం. మొదట్లో ఆయన సామాన్ల రిక్షా తొక్కాడు, తర్వాత ఒకరి బండికి డ్రైవరయ్యాడు, ఆ తర్వాత ఈ బండి కొన్నాడు. తెల్లవారుతూనే చిక్కడపల్లి మార్కెట్‌లో కూరగాయలు దింపుతాడు. అది అయ్యాక నారాయణగూడ చౌరస్తా దగ్గర అడ్డాలో, వాళ్లన్న బండి పక్కన నిలబడతాడు. ఇల్లు మారేవాళ్లు, దుకాణం ఎత్తేసేవాళ్లు వచ్చి పిలుచుకుపోతారు.

బండంటే ఆయనకు ప్రాణం. ప్రతి శనివారం ముందు భాగంలో కొత్త నిమ్మకాయ, కొత్త మిరపకాయలు కట్టాల్సిందే. నాకు జ్వరమొచ్చి మందులు తేవడం మరిచిపోయిన శనివారం కూడా బండికి నిమ్మకాయ మరిచిపోలేదు. పాత దండ తీసి చౌరస్తాలో పడేస్తే, దాన్ని తొక్కకుండా జనం చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని పక్కనుంచి పోయేవారు. అంత భయం, అంత భక్తి.

ఇక సామాను కట్టే తాడు చూడండి. దాన్ని తాడనడానికి నోరు రాదు. కొంత పసుపుపచ్చ ప్లాస్టిక్ తాడు, కొంత కొబ్బరి పీచు తాడు, మధ్యలో ఎవరిదో కరెంటు వైరు, ఒక చోట నా పాత చీర అంచు. అన్నిటినీ ముడుల మీద ముడులు వేసి కలిపారు. గ్రీజూ, మట్టీ, కుళ్లిన టమాట రసమూ పట్టి నల్లగా ఉండేది. ముట్టుకుంటే చెయ్యి కడుక్కోవాలి. నేను కట్టుకుని పండుగ చేసుకున్న చీర అది, అంచున నెమళ్లుండేవి. దాన్ని ఆ తాడులో చూసినప్పుడల్లా మొహం తిప్పుకునేదాన్ని.

"తాడు గిట్లున్నదేందన్న?" అని సామాను మనుషులు ఎవరైనా అడిగితే మా ఆయన జోకు వేసేవాడు.

"బామ్మర్ది ఉన్నోనికి తాడెందుకన్న?"

అడ్డా అంతా నవ్వేది. ఆ బామ్మర్ది నా తమ్ముడు.

జోకు అర్థం కాకపోతే చెప్తాను. బండి మీద సామాను ఎత్తుగా పేర్చాక, అది కదలకుండా పైన ఒక మనిషిని కూర్చోబెడతారు. బీరువా జారకుండా చేత్తో పడతాడు, పరుపు లేవకుండా ఒళ్లు వేసి అదుముతాడు, అడ్డమొచ్చే కేబుల్ వైర్లను కర్రతో ఎత్తుతాడు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు "మనిషి బరువు". రాయి పెట్టినట్టు మనిషిని పెడతారన్నమాట. మా బండికి ఆ రాయి నా తమ్ముడు.

వాడేమైనా బరువున్న మనిషా అంటే, ఎండబెట్టిన మునక్కాయలా ఉంటాడు. మా అమ్మ పోయేముందు వాణ్ని నా చేతిలో పెట్టి ఒట్టు వేయించుకోలేదు, అంత తీరిక ఆమెకు దొరకలేదు. కానీ వాడికి అన్నం కలిపి పెట్టిందీ, పేలు దువ్విందీ నేనే. పట్నం పిలిపించి పని చూపించింది మా ఆయన. పెళ్లి కుదిర్చిందీ ఆయనే. అందుకని బావ కూర్చోమంటే కూర్చుంటాడు, లెమ్మంటే లేస్తాడు. బావ మాట మీద వాడి నోరు లేవదు.

ఒకసారి విద్యానగర్‌కు పరుపులు వేసుకుపోతుంటే గాలికి పై పరుపు లేచింది. దాని మీదున్న తమ్ముడూ లేచాడు. పరుపుతో పాటు రోడ్డు మీద పడ్డాడు కాబట్టి బతికాడు కానీ కుడి మణికట్టు విరిగింది. నాటు కట్టు కట్టించారు. ఎముక వంకరగా అతుక్కుంది. ఇవాళ్టికీ వాడు చాయ్ గ్లాసు పట్టుకుంటే చాయ్ ఒక పక్కకు ఒరిగి ఉంటుంది.

చేతికి కట్టుతో వాడు అడ్డాకు పోయిన రోజు వాళ్లేమన్నారో తెలుసా?

"ఏమిరా, టికెట్ లేకుండ ఇమానమెక్కినవంట!"

"పరుపు మీద పడ్డడు, నసీబున్నోడు. మనం పడితె గచ్చు మీదనే."

"ఏం గాలే గదా, చెయ్యే గదా," అన్నాడు మా ఆయన.

చెయ్యే కదా అట. ఆ మాట విన్న రోజు నేను వండిన కూర నాకే సయించలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. అశోక్ నగర్‌లో ఒక హాస్టల్ ఉండేది, సర్కారు కొలువుల పరీక్షలకు చదివే ఆడపిల్లల కోసం. అందులో నేను వంటమనిషిని. హాస్టల్ సార్ వాళ్లది కోస్తా వైపు. వాళ్ల నాన్న కాలంలోనే వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. మంచి మనిషి, పనిమనిషిని కూడా "ఏవమ్మా, తిన్నావా" అని అడుగుతాడు. ఆయన హాస్టల్‌ను కాచిగూడలో పెద్ద బిల్డింగ్‌లోకి మారుస్తున్నాడు. సామాను మోయడానికి మా బండే మాట్లాడాడు.

ముందు రోజు సాయంత్రం తమ్ముడి పెళ్లాం మా ఇంటికి వచ్చింది. ఏడో నెల. మెట్టు మీద కూర్చుని ఆయాసం తీర్చుకుని మెల్లగా అంది:

"వదినె, రేపు ఇనుప మంచాలంట గదా. ఆయనను మీద కూసోనియ్యకు. నా మాట ఇనడు, నువ్వన్న జెప్పు."

"నేను బండ్లనే వస్తున్న. నేను చూసుకుంట, నువ్వు పరేషాన్ గాకు," అన్నాను.

అన్నానంటే నేను దానికి మాటిచ్చినట్టే. తెల్లవారి లేచినప్పటి నుంచీ నాకు అదొక్కటే. వాడు బండి పైకి ఎక్కకూడదు.

పొద్దున హాస్టల్ ముందు బండి ఆగింది. వెనక సామాను వేసే తొట్టి చూస్తే కడగలేదు. మార్కెట్ సరుకు దింపి అట్లాగే వచ్చాడు. గోబీ ఆకులు చితికి, టమాట గుజ్జు పరుచుకుని, దాని మీద ఈగలు. కాలు పెడితే జర్రున జారుతుంది. నా వంటపాత్రలు ఆ మురికిలో పెట్టాలి.

"కడగరాదా జర?" అన్నాను.

"ఎండకు ఎండుతది తియ్," అన్నాడు మా ఆయన.

సార్ చేతి గడియారం చూసుకుంటూ వరండాలో తిరుగుతున్నాడు. కొత్త బిల్డింగ్‌లో పదకొండు లోపల పాలు పొంగించాలి, పంతులు గారు గట్టిగా చెప్పారు. "ఒక్క ట్రిప్పులో అయిపోవాలి, అయిపోవాలి" అని జపం చేస్తున్నాడు.

ఇంట్లోంచి ఏది ముందు బయటికొస్తే అది ముందు ఎక్కింది. వాకిట్లోనే ఉన్నాయని పరుపులూ, బకెట్లూ, పిల్లల ట్రంకులూ తీసుకుపోయి డ్రైవర్ క్యాబిన్ వెనక గోడకు ఆనించారు. తర్వాత రెండంతస్తుల ఇనుప మంచాలు విప్పి పరిచారు. బీరువా చివర్లో వచ్చింది, దాన్ని వెల్లకిలా మంచాల మీద పడుకోబెట్టారు. ఇక వంటింట్లోంచి అన్నిటికంటే ఆఖరున వచ్చింది రాతి గ్రైండర్. పదిమందికి కాదు, హాస్టల్ మొత్తానికి పిండి రుబ్బే గ్రైండర్. ఎత్తడానికే మనుషులు మూలిగారు. దానికి చోటు లేక బండి వెనక అంచున, తలుపు పక్కనే పెట్టారు. బీరువా కాళ్లు బయటికి పొడుచుకొచ్చాయి కాబట్టి వెనక తలుపు మూసుకోలేదు. అది నాలుకలా వేలాడుతూ ఉండిపోయింది. బండి వెనక్కి కుంగి, ముందు లేచి, ఆకాశం చూస్తోంది.

నేను బడికి పోయింది తక్కువే, కానీ అన్నం గిన్నె మీద పప్పు గిన్నె పెట్టాలా, పప్పు గిన్నె మీద అన్నం గిన్నె పెట్టాలా అన్నది ఏ ఆడదానికైనా తెలుస్తుంది కదా.

"బీరువ మీద పెట్టిన్రేంది? కింద వెయ్యరాదా? ఆ గ్రైండర్ గీ అంచుకున్నదేంది?"

"ఇప్పుడు మల్ల అన్ని దించాల్నా? చిక్కడపల్లి, నారాయణగూడ, గంతే. ఇట్ల పోయి అట్ల పడ్తం. ఏం గాదు," అన్నాడు మా ఆయన.

"ఏం కాదమ్మా. దగ్గరే కదా. పాల టైము దాటిపోతోంది," అన్నాడు సార్.

ఎదురుగా చాయ్ బండి పెట్టుకున్నాయన, అడగకపోయినా, గరిటె ఊపుతూ అన్నాడు: "కుచ్ నై హోతా అమ్మా, జానే దేవ్!"

చూశారా? ఒకరిది పాలమూరు, ఒకరిది కోస్తా, ఒకరిది ఉర్దూ. ఆవకాయ దగ్గర కుదరరు, భాష దగ్గర కుదరరు, పండుగ తేదీ దగ్గర కుదరరు. ఈ ఒక్క మాట దగ్గరికి వచ్చేసరికి ముగ్గురూ ఒక తల్లి బిడ్డలు.

తాడు తెచ్చి ఒక చుట్టు తిప్పి కట్టారు. నా నెమళ్ల అంచు సరిగ్గా బీరువా మూల మీదికి వచ్చింది. మా ఆయన చేతులు దులుపుకుని పిలిచాడు.

"ఎక్కు బామ్మర్దీ."

"వాడెక్కడు," అన్నాను.

"ఎందుకెక్కడు?"

"వాని పెండ్లాం ఏడో నెలది. చెయ్యి చూసినవా, ఎట్లున్నదో? నేను మాటిచ్చిన."

"నీ మాటకు బీరువ ఆగుతదా? వాడు కూసుంటె ఆగుతది."

తమ్ముడు ఇద్దరి మధ్యా నిలబడి నవ్వే ప్రయత్నం చేశాడు. "బావా, నాకన్న బీరువనే బరువు గదా. నన్ను జూసి భయపడ్తదా అది?"

"పెండ్లాం చేతి బువ్వ తిని బరువెక్కినవ్ తియ్. ఎక్కు, ఎక్కు."

"అక్కా, నువ్వు పోయి ముందట కూసో. నేనున్న గదా."

"నువ్వున్నవనే గదరా నా బాధ," అన్నాను. నా మాట అయ్యేసరికి వాడు టైరు మీద కాలు పెట్టి, మంచం కోడు పట్టుకుని ఎక్కేశాడు. సార్ స్కూటర్ ఎక్కి వెనక వస్తానన్నాడు. మా ఆయన ముందు టైరు కింద ఒక నిమ్మకాయ పెట్టాడు. బండి దాన్ని తొక్కి కదిలింది. నేను క్యాబిన్‌లో కూర్చున్నాను, పాలగిన్నె ఒళ్లో పెట్టుకుని.

అశోక్ నగర్ సందులు మీకు తెలియనివా. పుస్తకాల దుకాణాలు రోడ్డు మీదికి, చాయ్ తాగే పిల్లలు ఇంకొంచెం రోడ్డు మీదికి. పైన కేబుల్ వైర్లు చిక్కుపడిన జుట్టులా వేలాడుతుంటాయి. వైరు వచ్చినప్పుడల్లా తమ్ముడు కర్రతో ఎత్తి తల వంచుతున్నాడు. పక్క అద్దంలో వాడి కాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. హవాయి చెప్పులు, ఒక దానికి పిన్నీసు. నేను ఆ పిన్నీసునే చూస్తూ కూర్చున్నాను.

ఒక మలుపులో మా ఆయన స్టీరింగ్ తిప్పితే బండి వెంటనే తిరగలేదు. కాస్త ఆగి, తన ఇష్టమొచ్చినట్టు తిరిగింది. ఆయన తనలో తను నవ్వుకున్నాడు.

"స్టీరింగ్ అల్కగైంది."

"అంటే ఏంది?"

"ఎనక బరువెక్కువైతె ముందటి టైర్లు లేస్తయి. మాట ఇనయి. గ్రైండర్ ముందటికేసేదుండె."

"మరి ఆపి ముందటికెయ్యి!"

"వచ్చినం తియ్. ఏం గాదు."

ఆయనకు తెలుసు. ఈ మాట మనసులో పెట్టుకోండి, మళ్లీ అవసరపడుతుంది.

చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీదికి వచ్చాం, మెట్రో స్తంభాల కిందికి. ముందు పోతున్న ఆటో ఎవరో చెయ్యెత్తితే ఉన్నచోటే ఆగిపోయింది. మా ఆయన బ్రేకు మీద నిలబడ్డాడు. వెనకున్న ఇనుమంతా ఒక్కసారి ముందుకొచ్చి ట్రంకులను క్యాబిన్ గోడకు కొట్టింది. ఒళ్లో పాలు నా చీర మీద చిందాయి. వెనకనుంచి హారన్లు. ఆయన కంగారుపడి బండిని ఎగరేసినట్టు ముందుకు లాగాడు. ఆ కుదుపుకు ముందుకొచ్చిందంతా ఆ టమాట గుజ్జు మీద జారుకుంటూ వెనక్కి పోయింది. తాడు టప్పున తెగింది. నేను అద్దంలో చూస్తున్నాను. కాళ్లు కనిపించడం లేదు.

ఎట్లా దిగానో, పాలగిన్నె ఎక్కడ పెట్టానో తెలియదు. వెనక్కి పరుగెత్తాను.

గ్రైండర్ రోడ్డు మీద పడి ఉంది. దాని రాయి ఊడి దొర్లుకుంటూ పోయి ఒక స్కూటీ ముందు టైరుకు ఆనుకుని ఆగింది. స్కూటీ మీద ఒక అమ్మాయి, ముందు నిలబడి బడి బట్టల్లో చిన్నపిల్ల. ఆ తల్లి ముఖంలో రక్తపు చుక్క లేదు. పిల్ల మాత్రం "అమ్మా, పేద్ద ఇడ్లీ" అంటోంది. బీరువా ఒక కొస బండిలో, ఒక కొస నేల మీద, జారుడుబల్లలా. నా తమ్ముడు బండి పక్క ఇనుప కమ్మీని పట్టుకుని గాల్లో వేలాడుతున్నాడు, ఆ వంకర చేత్తోనే. ఒక చెప్పు బీరువా కింద నలిగి ఉంది. పిన్నీసు ఉన్న చెప్పు. కాలు దాంట్లో లేదు. కాలు వాడికే ఉంది. నేను రెండుసార్లు తడిమి చూశాను.

వాణ్ని దించి ఫుట్‌పాత్ మీద కూర్చోబెట్టాను. వాడి పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి.

అప్పటికే జనం చుట్టూ చేరారు. పుస్తకాల సంచులు తగిలించుకున్న పెద్ద పిల్లలు సెల్‌ఫోన్లు పైకెత్తి వీడియోలు తీస్తున్నారు. ఇక ఇప్పుడు ఎవరైనా మా ఆయన చెంప వాయిస్తారు, తిడతారు, పోలీసును పిలుస్తారు అనుకున్నాను. స్కూటీ అమ్మాయైతే తిట్టడానికి కూడా ఊపిరి రాక, పిల్లను గుండెకు అదుముకుని వెళ్లిపోయింది. మిగిలినవాళ్లు ఏమన్నారో వినండి.

"ఏం గాలే గదా అన్న. తీయ్, తీయ్, ట్రాఫిక్ ఆగుతుంది."

"ఎవ్వల్కి తాకలే. దేవుడున్నడు."

స్కూటర్ దిగి పరుగెత్తుకొచ్చిన సార్ గ్రైండర్‌ను చూసి "అయ్యయ్యో" అన్నాడు. తర్వాత నా తమ్ముణ్ని చూసి "ఏం కాలేదు కదయ్యా? హమ్మయ్య. ఎక్కించండి, ఎక్కించండి, టైము అయిపోతోంది" అన్నాడు.

నలుగురు చేయి వేశారు. బీరువాను మళ్లీ మంచాల మీదికే, గ్రైండర్‌ను మళ్లీ అంచుకే తోశారు. అవును, అదే చోటికి. మా ఆయన తెగిన కొసలు రెండూ వెతికి ముడి వేశాడు. తెగింది నా చీర అంచు దగ్గరే. నెమలి మెడ మీద ఇంకో ముడి పడింది. చేతులు దులుపుకున్నాడు.

"ఎక్కు బామ్మర్దీ."

నా తమ్ముడు లేచాడు! ఒక కాలికి చెప్పు లేదు. పోయి టైరు మీద ఆ ఉత్తి కాలు పెట్టాడు.

అప్పుడు పుట్టింది నాకు అసలు రోత. మా ఆయన మీద, సార్ మీద, ఫోన్లు పట్టుకున్నవాళ్ల మీద, మాట పడగానే కాలెత్తే నా తమ్ముడి మీద కూడా. రోడ్డు పక్కన ఉమ్మేసి, క్యాబిన్ దగ్గరికి పోయి బండి తాళంచెవి పీకి కొంగున ముడి వేసుకున్నాను.

"ఏందే అది? తాళం ఇటియ్యి."

"ఇస్త. బరువు కావాలె గదా మీకు? ఏం గాదన్నోళ్లు ఎక్కుండ్రి. సారూ, మీరే ముందు ఎక్కుండ్రి. ఏం గాదు, దగ్గరే గదా."

"నేనా? నాకు మోకాళ్ల నొప్పులమ్మా," అన్నాడు సార్, నిజంగానే మోకాలు పట్టుకుని.

"దేవుడున్నడన్న అన్న యాడున్నడు? నువ్వెక్కు అన్న."

ఆ అన్న జనంలో వెనక్కి జరిగాడు.

"నువ్వెక్కు," అన్నాను మా ఆయనతో.

"నేనెక్కితె బండెవడు నడుపుతడే? పిచ్చి లేసిందా నీకు?"

"సరే. మీ అన్న అడ్డాల్నే ఉన్నడు గదా. ఫోన్ జెయ్యి, ఐదు నిమిషాలల్ల వస్తడు. నీ బామ్మర్ది బరువు చాల్తలేదు, మీ అన్న నిండు మనిషి. ఆయన్ని కూసోబెట్టు మీద."

ఆయన ముఖం మారిపోయింది. వాళ్లన్నంటే ఆయనకు తండ్రి లెక్క. ఎదురుగా కాలు మీద కాలు వేసుకుని కూర్చోడు.

"మా అన్ననా? ఎట్ల మాట్లాడ్తున్నవే? మా అన్ననెక్కిస్తనా గీ ఇనుము మీద? పడితే?"

అన్నాడు. ఆయన నోటితోనే అన్నాడు. పడితే?

కొంగు ముడి పట్టుకుని ఆయన ముఖంలోకి చూస్తూ నిలబడ్డాను. పైన మెట్రో రైలు పోయింది. జనంలో ఎవరో ఒకాయన కిసుక్కున నవ్వి, "బామ్మర్ది పడొచ్చు గానీ అన్న పడొద్దంట" అన్నాడు. మా ఆయన తల దించుకుని నా తమ్ముడి ఉత్తి కాలి వైపు చూశాడు.

"దిగరా," అన్నాడు మెల్లగా. "దిగి ఆడ కూసో."

ఇక ఆ తర్వాత ఏం జరిగిందో చెప్తే మీరు సంతోషిస్తారేమో. నాకు మాత్రం అదే ఎక్కువ రోత.

అంతా దించి ఫుట్‌పాత్ మీద పెట్టాడు. పక్క హోటల్ నుంచి బకెట్లతో నీళ్లు తెచ్చి, చీపురు పెట్టి తొట్టి తోమి, గోనెసంచులు పరిచాడు. పక్క సందులో ఇనుప సామాను దుకాణానికి పోయి బిగించే బెల్టులు తెచ్చాడు. వెడల్పాటివి, చిన్న పిడి ఆడిస్తే కరకరమని బిగుసుకునేవి. ముందు బీరువా ఎక్కించాడు. అడుగున, క్యాబిన్ గోడకు ఆనించి. గ్రైండర్ దాని పక్కనే, వెనక టైర్ల కంటే ముందుకే ఉండేట్టు, కింద కర్రముక్కలు పెట్టి దొర్లకుండా ఆపాడు. మంచాల్లో సగమే తీసుకుని చదునుగా పేర్చాడు. సందుల్లో పరుపులు కుక్కాడు. బెల్టులు ఈ మూల నుంచి ఆ మూలకు, ఆ మూల నుంచి ఈ మూలకు లాగి, పదునైన ఇనుప అంచు తగిలే చోట గుడ్డ పెట్టి బిగించాడు. వెనక తలుపు మూసి గొళ్లెం వేశాడు. కిందికి వంగి బరువు మోసే కమాన్ పట్టీలు ఎంత కుంగాయో చూశాడు, టైర్ల గాలి చేత్తో నొక్కి చూశాడు. అప్పుడు నేను తాళంచెవి ఇస్తే మెల్లగా పోనిచ్చి, నారాయణగూడ చౌరస్తా రాకముందే పక్కకు ఆపి దిగాడు. బెల్టులు వదులయ్యాయేమోనని ఒక్కొక్కటీ లాగి చూసి మళ్లీ ఎక్కాడు.

ఎవరు నేర్పారు ఆయనకు? అప్పటికప్పుడు ఆ రోడ్డు మీద ఎవరూ నేర్పలేదు. అన్నీ తెలుసు. ఇన్నేళ్లూ తెలుసు. నా తమ్ముడి చెయ్యి విరిగిన రోజు కూడా తెలుసు. తెలియనివాడు తప్పు చేస్తే జాలి పడొచ్చు, చెప్పి చూడొచ్చు. తెలిసినవాడు, దించి ఎక్కించే బద్ధకానికి మనిషిని పెట్టి సర్దేస్తే, వాణ్ని ఏమనాలి? పక్కన కూర్చుని ఆయన చేతులు చూశాను. ఎంత నేర్పున్న చేతులు! చూసేకొద్దీ నాకు ఇంకా మండింది.

మొదటి ట్రిప్పులోనే పొయ్యీ, పాలగిన్నే పోయాయి. మిగిలిన సామాను పక్కన తమ్ముడు కూర్చున్నాడు. పరుపుల దొంతర మీదే, కానీ నేల మీదున్న దొంతర మీద. చిందినవి పోగా మిగిలిన పాలు సమయానికే పొంగాయి. ఆడపిల్లలు చప్పట్లు కొట్టారు. సార్ నా దగ్గరికి వచ్చి నవ్వుతూ అన్నాడు:

"చూశావా అమ్మా, ఊరికే కంగారు పడ్డావు. చివరికి ఏం కాలేదు కదా!"

ఆ పాలతో నేనే పరమాన్నం వండాను. అందరికీ పెట్టాను. నాకు మాత్రం దిగలేదు.

రెండో ట్రిప్పు కూడా అయ్యాక తమ్ముడు ఇంటికి పోయాడు, కొత్త చెప్పులతో. ఆ చెప్పులు మా ఆయన కొనిచ్చాడు. ఏమీ మాట్లాడకుండా వాడి ముందు పడేశాడు, అంతే. క్షమించమని అడగడం ఆ మనిషికి రాదు. పాత తాడును నేను కోసేశాను. నా నెమళ్ల ముక్క విప్పుకుని, మిగిలింది చెత్తబండిలో వేశాను. ముక్క ఉతికితే మరక పోలేదు. పోకపోయినా దాచుకున్నాను.

మరదలికి ఆడపిల్ల పుట్టింది. తమ్ముడు ఇప్పుడు క్యాబిన్‌లో కూర్చుంటాడు. నిమ్మకాయలు శనివారం శనివారం మారుతూనే ఉన్నాయి, వాటి పక్కన బెల్టులు కూడా చుట్టి వేలాడుతున్నాయి. అడ్డాలో పాత అలవాటు కొద్దీ ఎవరైనా "బామ్మర్ది ఉన్నోనికి" అని మొదలుపెడితే మా ఆయన బీడీ ముట్టించుకుని అటు తిరుగుతాడు. జోకు సగంలో ఆగిపోతుంది.

కానీ నేను కూరగాయలకు పోయినప్పుడు చూస్తూనే ఉంటాను. ఎవరి బండో పోతుంటుంది, ఆకాశమంత సామాను, దాని కొసన కాకిలా ఒక మనిషి, చేతిలో కర్ర. కింద ఎవరో నవ్వుతూ చేయి ఊపుతుంటారు. వాళ్లేమంటున్నారో వినపడక్కర్లేదు, పెదాలు చూస్తే చాలు. ఆ పూట ఇంటికొచ్చి పొయ్యి ముట్టించబుద్ధి కాదు.

సరే, చిక్కుడుకాయలు అయిపోయాయి, చెప్పాల్సిందీ అయిపోయింది. లేవండి, మీ ఇళ్లలో మీకోసం ఎదురుచూసేవాళ్లుంటారు. మీ ఇల్లు ఎన్నిసార్లు మారినా మీ దీపం ఆరకుండా చేరాలి. మీ సామాను మోసినవాడు రెండు కాళ్లతో, రెండు చెప్పులతో తన ఇంటికి తిరిగి పోవాలి. మీ ఇంటి బిడ్డలెవరూ ఎవరి సామానుకూ బరువు కాకూడదు. చల్లగా ఉండండి.